సెక్యూర్ అనే మాట

వాయుసేన నుంచి రిటైరై వచ్చాక రాజోలు దగ్గర మా ఊళ్ళో కొంతకాలం ఖాళీగా ఉన్నాను. మా ఆవిడ హైస్కూల్లో టీచరు. ఆవిడ బడికి వెళ్ళాక అన్నం వండేవాణ్ణి. చర్చిలో మైకు సెట్టు మొరాయిస్తే వెళ్ళి బాగుచేసేవాణ్ణి. మధ్యాహ్నం పడుకునేవాణ్ణి. ఉద్యోగమంతా యుద్ధవిమానాల పొట్టకింద పడుకుని పనిచేసినవాడికి కోనసీమలో ఏం పని దొరుకుతుంది? బ్యాంకు గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడే ఉద్యోగం ఒకటి వచ్చింది. మా ఆవిడ వద్దంది. "మా స్కూలు పిల్లలు పోతా పోతా మీకు సెల్యూట్లు కొడతారండి. నాకు బాగోదు" అంది.

అలాంటి రోజుల్లో అమలాపురంలో ఎవరో ఆఫీసు తెరిచారనీ, విమానాల పని తెలిసిన మాజీ సైనికులు కావాలంటున్నారనీ తెలిసింది. నేను నమ్మలేదు. అమలాపురానికీ విమానాలకీ ఏమిటి సంబంధం? వెళ్ళి చూస్తే నిజమే. ఎరువుల కొట్టు పైన మూడు గదులు. గుమ్మంలోనే ఫోన్లు వదిలి వెళ్ళడానికి ఒక చెక్కపెట్టె. లోపల కంప్యూటర్లకు ఇంటర్నెట్ లేదు. పని ఒక ప్రత్యేకమైన లైను మీద వచ్చి, మళ్ళీ ఆ లైను మీదే వెళ్ళిపోయేది. ఎక్కడో నగరంలో ఉన్న పెద్ద కంపెనీకి వచ్చిన పనిలో కొంత ఇంకో కంపెనీకి ఇస్తే, వాళ్ళు అందులో కొంత మాకు ఇచ్చారు. ఏ విమానాలో చెప్పకూడదని మొదటిరోజే సంతకం పెట్టించుకున్నారు. ఇప్పుడూ చెప్పను.

పని ఇదీ. యుద్ధవిమానానికి ఒక పుస్తకం కాదు, బీరువాల నిండా పుస్తకాలుంటాయి. ఏ మర ఎలా విప్పాలి, ఏ గొట్టం ఎప్పుడు మార్చాలి, విప్పినదాన్ని మళ్ళీ ఎంత బిగించాలి, అన్నీ వాటిలోనే ఉంటాయి. పుస్తకం తెరవకుండా పానా పట్టుకోకూడదని మాకు మొదటినుంచీ నూరిపోస్తారు. కానీ ఆ పుస్తకాలు ఒక్కొక్కటి ఒక్కో దేశంలో, ఒక్కో కాలంలో పుట్టినవి. ఒకదాంట్లో ఇంగ్లీషు వేరే భాషలోంచి తెచ్చిపెట్టుకున్న ఇంగ్లీషు. ఇంకొకదాంట్లో మా తాతల నాటి ఇంగ్లీషు. 'చెక్' అంటే ఒక పుస్తకంలో కంటితో చూడమని, మరోదాంట్లో పనిముట్టు పెట్టి కొలవమని. వీటన్నిటినీ ఒకే ప్రమాణంలోకి తేవడమే మా పని. ఒక మాటకు ఒకే అర్థం ఉండాలి. ఒక వాక్యంలో ఒకే పని చెప్పాలి. ప్రమాదం ఉంటే ఆ హెచ్చరిక పనికి ముందే రావాలి. ఇది వేరే చెప్పాలా అనిపిస్తుంది గానీ, పాత పుస్తకాల్లో మీట నొక్కమని రాసి, పేజీ తిప్పాక, నొక్కేముందు లోపల మనిషి లేడని చూసుకోమని రాసిన చోట్లు నేను కళ్ళారా చూశాను.

విమానం సంగతి నాది, ఇంగ్లీషు సంగతి మేడంగారిది. ఆవిడ కొత్తపేట నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా చేసి మానేశారు. విమానాన్ని దగ్గరగా ఎప్పుడూ చూడలేదట. అయినా చాలా పట్టుదల మనిషి. ఒక వాక్యం అర్థం కాకపోతే నన్ను లేపి నిలబెట్టి, "మీరు ఇప్పుడు విమానం కింద ఉన్నారనుకోండి. చేతిలో ఏముంది? ఎటు తిరిగేరు? చేసి చూపించండి" అనేవారు. నేను కుర్చీల మధ్య వంగి, లేని మరల్ని విప్పి చూపించేవాణ్ణి. ఆవిడ అది చూసి రాసేవారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చేసిన పనికి అర్థముందని అక్కడే మొదటిసారి అనిపించింది.

ఇంతగా ఆ పనిని పట్టుకోవడానికి నాకు వేరే కారణం ఉంది. అది చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉత్తరాదిన ఒక స్థావరంలో ఉన్నప్పుడు, అక్కడ ముమ్మిడివరం ఆయన ఒకాయన ఉండేవారు. నాకన్నా బాగా సీనియరు. మన ప్రాంతంవాడు వచ్చాడని తెలిసి ఆయనే నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "రాజోలా? అయితే మనోడివే. ఇంగ నీకేం బెంగ్లేదు తమ్ముడూ" అన్నారు. ఆరోజు నుంచీ ఆయన నాకు అన్నయ్యగారు, వాళ్ళావిడ వదినగారు. చలికి నా చేతులు పగిలితే కొబ్బరినూనె ఇచ్చింది వదినగారే. గోంగూర పచ్చడి ఎక్కడినుంచో తెప్పించి పెట్టేవారు. పని నేర్పింది అన్నయ్యగారు. మర బిగించేటప్పుడు చేతికి తెలిసే ఆ చిన్న పట్టు ఏమిటో, ఎక్కడ ఆపాలో, నా చెయ్యి పట్టుకుని మరీ నేర్పారు.

ఒకరోజు ఉదయం హ్యాంగరులో, అంటే విమానాలు నిలిపే షెడ్డులో, ఒక విమానం చక్రాల దగ్గర పని. విమానం ఎగిరాక చక్రాలు లోపలికి ముడుచుకునే అర ఒకటి ఉంటుంది. దానికి మందమైన రేకు తలుపు. నూనె ఒత్తిడితో తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఆ అరలో గ్రీజు పెట్టాలంటే మనిషి సగం లోపలికి దూరాలి. అలా దూరేముందు ఆ తలుపు కదలకుండా ఒక ఇనప కడ్డీ అడ్డంగా బిగిస్తారు. దానికి ఎర్రగుడ్డ వేలాడుతూ ఉంటుంది.

అన్నయ్యగారు పుస్తకం చదువుతూ పని చేయిస్తున్నారు. ఒకరు చదవాలి, ఇంకొకరు చెయ్యాలి, అదీ పద్ధతి. విమానానికి అవతలి పక్క ఒత్తిడి మీట దగ్గర ఉన్న మనిషి అంతకుముందు వారమే వేరే రకం విమానాల మీదనుంచి బదిలీ అయి వచ్చాడు. పుస్తకంలో ఉన్న వరస ప్రకారమే అన్నయ్యగారు ముందు లోపల ఎక్కడ గ్రీజు ఎండిపోయిందో చూడ్డానికి కుడిచెయ్యి పెట్టి తడుముతూ, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గట్టిగా చదివారు. "సెక్యూర్ ది డోర్."

ఆ విమానం పుస్తకంలో ఆ మాటకు తలుపు కదలకుండా కడ్డీ బిగించమని అర్థం. అతను అంతకుముందు పనిచేసిన విమానం పుస్తకంలో అదే మాటకు తలుపు మూసి గడియ పెట్టమని అర్థం. అతను మీట లాగాడు.

నేను పక్క విమానం దగ్గరున్నాను. కేక వినబడలేదు నాకు. ఏదో మూసుకున్న చప్పుడు, తర్వాత అతను హిందీలో "అరే, అరే" అంటూ మీట అటూ ఇటూ లాగడం వినబడ్డాయి. నేను పరుగెత్తుకెళ్ళేసరికి అన్నయ్యగారు నిలబడే ఉన్నారు. పడిపోవడానికి వీల్లేదు, చెయ్యి లోపలే ఉంది. నన్ను చూసి, "తమ్ముడూ, మీ వదినకి ఎవరూ ఇప్పుడే చెప్పకండి" అన్నారు. ఒత్తిడి తీసేసి, తలుపు తెరిచి, ఆయన్ని నేనూ ఇంకో ఇద్దరూ మోసుకెళ్ళాం. ఆసుపత్రిలో చెయ్యి మోచేతి కింద నుంచి తీసేశారు.

విచారణ జరిగింది. ఇద్దరూ పుస్తకం ప్రకారం నడుచుకోలేదని తేల్చారు. మీట లాగినవాడికి శిక్ష పడింది. అన్నయ్యగారు మంచం మీదనుంచే అతని తప్పు లేదని చెప్పారు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. ఇద్దరూ పుస్తకంలో ఉన్నదే చేశారు. ఒకరు చదివారు, ఒకరు చేశారు.

తర్వాత ఆయన పెన్షను తీసుకుని ముమ్మిడివరం వచ్చేశారు. నేను సెలవుకి వచ్చినప్పుడల్లా వెళ్ళి చూసేవాణ్ణి. ఎడంచేత్తో సంతకం నేర్చుకున్నారు. చొక్కా బొత్తాలు మాత్రం వదినగారే పెట్టాలి.

అమలాపురం ఆఫీసులో ఆ విమానం పుస్తకాలు వస్తాయని నేను అనుకోలేదు. వచ్చాయి. ఒకరోజు మేడంగారు తన కంప్యూటరు దగ్గరినుంచి, "సార్, ఇక్కడ సెక్యూర్ ది డోర్ అన్నాడు. మూయమనా? ఆ అరలో మనిషి పడతాడాండీ?" అని మామూలుగా అడిగారు.

నేను లేచి వెళ్ళాను. అదే అధ్యాయం, అదే వాక్యం. ఇన్నేళ్ళలో ఎవరూ ముట్టుకోలేదు. ఆ వాక్యం మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాను. మేడంగారు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. అప్పుడు మొత్తం చెప్పాను. విన్నాక ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇప్పుడే రాద్దామండి. మీరు చేసి చూపించండి" అన్నారు.

రాశాం. ముందు హెచ్చరిక: తలుపు మూసుకుంటే మనిషికి గాయమవుతుంది, ప్రాణం పోవచ్చు. తర్వాత ఒక వాక్యం: అడ్డకడ్డీ బిగించండి. ఇంకో వాక్యం: ఎర్రగుడ్డ కనబడుతోందని చూడండి. ఆ తర్వాతే, చెయ్యి లోపల పెట్టండి. సెక్యూర్ అన్న మాటే లేదు. ఎందుకు మార్చామో కారణం రాసి పైకి పంపాం. కొన్నాళ్ళకి నగరంలోని కంపెనీ దాన్ని ఒప్పుకుందని లైను మీద వచ్చింది. నేను ఆ పూట ఆఫీసు నుంచి సరాసరి ముమ్మిడివరం బస్సెక్కేశాను.

అన్నయ్యగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది.

"ఏంటి తమ్ముడూ, చెప్పాపెట్టకుండా వచ్చేవు?"

"ఆ మాట తీసేసేం అన్నయ్యగారూ. సెక్యూర్. పుస్తకంలోంచి తీసేసేం."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. నేను ఆఫీసు సంగతి, పని సంగతి చెప్పాను. కాగితం చూపించడానికి లేదు కాబట్టి కొత్త వాక్యాలు నోటితో చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు. కళ్ళు మూసుకుని విన్నారు. లోపలికి చూసి, "ఏమేవ్, ఇటొచ్చి విను" అని వదినగార్ని పిలిచి, ఆవిడకోసం ఇంకోసారి చెప్పించారు. వదినగారికి ఇంగ్లీషు రాదు. అయినా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి మొత్తం విన్నారు.

"అయితే ఇంగ ఆ పొరపాటు ఎవుడికీ జరగదన్నమాట" అన్నారు అన్నయ్యగారు.

"ఆయ్, జరగదండి."

"నా చెయ్యి పుస్తకంలోకెక్కిందే" అని నవ్వారు. ఆయన అలా నవ్వడం ఉత్తరాదిలో చూసిందే, మళ్ళీ అప్పుడు చూశాను. భోజనం చేసేదాకా కదలనివ్వలేదు. ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పారట. తన చెయ్యి వృథా పోలేదని, దేవుడు దానికో పని పెట్టాడని. వదినగారు ఫోన్లో చెప్పారు.

ఆ తర్వాత ఏడాది తిరగకుండానే మొత్తం తిరగబడింది.

పైన ఎవరో మారారు. పని అప్పగించినవాళ్ళ దగ్గరినుంచి కొత్త ఆదేశం వచ్చింది. మీకు ఇచ్చింది రూపం మార్చే పని, విషయం మార్చే పని కాదు. విషయంలో చేసిన ప్రతి మార్పునీ వెనక్కి తీసుకుని మూలంలో ఉన్నది పెట్టండి, అని. మా మార్పులన్నీ ఒక్క వారంలో పోయాయి. అంతవరకైతే పాత పుస్తకమే మిగిలేది, పాత ప్రమాదమే ఉండేది. కానీ మూలంలో ఉన్న మాటలు ప్రమాణంలో లేవు కదా. అందుకని నగరంలో ఒక సాఫ్ట్‌వేరు పెట్టి, లేని మాటల బదులు ఉన్న మాటలు దానంతట అదే పెట్టేలా చేశారు. సెక్యూర్ అన్న మాట మా ప్రమాణంలో లేదు. తలుపుల దగ్గర దానికి బదులు పెట్టమని పైనుంచి వచ్చిన మాట 'క్లోజ్'.

తిరిగొచ్చిన అధ్యాయం మేడంగారు తెరిచారు. నన్ను పిలవలేదు. నేనే ఆవిడ మొహం చూసి వెళ్ళాను. చెయ్యి లోపల పెట్టి తడుముతున్న చోట, ఇప్పుడు స్పష్టంగా, ఒకే అర్థంతో, తలుపు మూయండి అని ఉంది.

ఇదివరకు ఆ మాటకి రెండర్థాలుండేవి. తెలిసినవాడు సరైన అర్థం తీసుకునేవాడు. ఇప్పుడు తప్పు అర్థం ఒక్కటే మిగిలింది.

నగరంలో ఉన్న మేనేజరుగారికి ఫోను చేశాను. ఆయన చెడ్డవాడు కాదు. మొత్తం విన్నాడు. "నాకర్థమైందండి. కానీ మనం ముట్టుకుంటే కాంట్రాక్టు పోతుంది. పైన ఇంకో పరిశీలన ఉంటుంది, అక్కడ పట్టుకుంటారు" అన్నాడు.

"పట్టుకోకపోతే?"

"పట్టుకుంటారండి" అన్నాడు మళ్ళీ. గొంతులో నమ్మకం లేదు.

ప్రశ్న రాసి లైను మీద పైకి పంపాం. మీ పరిధిలోది కాదని మూసేశారు. మేడంగారు ఇంకా గట్టిగా, బొమ్మలతో సహా రాసి పంపారు. అదీ మూసేశారు. మూడోసారి పంపబోతే మా ఇద్దరికీ ఆ అధ్యాయాలు తెరవడానికి వీల్లేకుండా చేసేశారు. ఆ రోజు మేడంగారు తన బల్లమీద ఉన్న నిఘంటువులు సంచిలో సర్దుకున్నారు. మెట్ల దగ్గర ఆగి, "నేను కాలేజీలో పిల్లలకి తప్పులు దిద్దేనండి ఇన్నాళ్ళూ. ఏ తప్పూ మనిషిని చంపేది కాదు. ఇది నావల్ల కాదు" అన్నారు. మర్నాటినుంచి రాలేదు. ఇంకొన్ని నెలలకి ఆఫీసే ఎత్తేశారు. సాఫ్ట్‌వేరు ఉండగా మనుషులెందుకన్నారట. ఎవరెవరికో ఉత్తరాలు రాశాను, పదవుల పేర్ల మీద. ఒక్కదానికీ జవాబు లేదు. అందాయో లేదో తెలీదు.

అన్నయ్యగారికి చెప్పలేదు. ఫోను చేసినప్పుడల్లా ఆయనే ఆ సంగతి ఎత్తేవారు. "మన పుస్తకం అచ్చయ్యిందా? హ్యాంగరులోకి వెళ్ళిందా?" నేను ఏదో ఒకటి చెప్పి వేరే మాటలోకి దింపేవాణ్ణి. చివరికి ఒకసారి, "వచ్చే ఆదివారం పాస్టరుగారు నన్ను యూత్ మీటింగులో మాట్లాడమన్నారు. ఆ కొత్త వాక్యాలు కాస్త రాసి పంపు" అన్నారు. ఇంక ఆగలేక మర్నాడే వెళ్ళాను.

చెప్పాను. అంతా చెప్పాను. చెప్పడం అయ్యాక ఆయన అడిగిన మొదటి మాట ఇది.

"ఇప్పుడా విమానాల మీద మనోళ్ళెవరైనా ఉన్నారా?"

"తెలీదండి. మన బ్యాచీలన్నీ రిటైరైపోయేయి."

"ఎవుడో ఒకడుంటాడు. ఫోన్లు చేద్దాం."

ఆ మధ్యాహ్నమంతా ఫోన్లు చేశాం. ఆయన ఎడంచేత్తో నంబర్లు వెతికి చెబితే నేను కలిపేవాణ్ణి. ఒకాయన పోయి చాలాకాలమైందని కొడుకు చెప్పాడు. ఒకాయనకి వినబడదు. ఒకాయన, "అవి ఇంకా ఎగురుతున్నాయేంటండి?" అని ఆశ్చర్యపోయాడు. ముక్తేశ్వరంలో ఉన్నాయన మాత్రం తనకు తెలిసిన ఒకతను ఇంకా ఉద్యోగంలో ఉన్నాడనీ, చెప్పి చూస్తాననీ అన్నాడు. ఆ కబురు కోసం చూశాం. తర్వాత నేను అడిగితే, "ఆడు వేరే విమానాల మీదున్నాడంట సార్. ఇలాంటియి ఫోన్లో మాట్లాడకూడదన్నాడు" అన్నాడు. నిజమే, మాట్లాడకూడదు. మాకూ అదే నేర్పారు.

చీకటిపడుతుండగా నేను లేచాను. అన్నయ్యగారు తల ఎత్తలేదు. "మూయమని రాసేరా?" అన్నారు. అంతకుముందు నేను చెప్పింది విననట్టు, అప్పుడే తెలిసినట్టు. "ఆయ్" అన్నాను. "చెయ్యి లోపలుండగా మూయమనా?" అన్నారు.

యూత్ మీటింగుకి ఆయన వెళ్ళలేదు. అసలు చర్చికి వెళ్ళడమే తగ్గించేశారు. నేను వారం వారం వెళ్ళి కూర్చునేవాణ్ణి. నేను కొబ్బరి ధరలనీ, వానలనీ ఏదో చెబితే ఊ కొట్టేవారు. ఉన్నట్టుండి, "ఇంకోసారి రాసి పంపకూడదా?" అనేవారు. ఎవరికి పంపాలో చెప్పండి అంటే, ఆయనకీ తెలీదు.

మొన్న వేసవిలో నేను బయల్దేరుతుంటే వదినగారు వీధి మలుపుదాకా వచ్చారు. ఎప్పుడూ అలా రారు.

"మరిదిగారూ, ఏమీ అనుకోకండి. మీరొచ్చెళ్ళిన రోజు ఆయనకి నిద్దరుండట్లేదండి. లేని చెయ్యి నొప్పంటన్నారు. వేళ్ళు నలుగుతున్నాయంటన్నారు. ఇన్నేళ్ళూ లేదండి అది. కొన్నాళ్ళు రాకండి."

"అలాగేనండి" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మీమీద కోపం కాదండి" అన్నారు. నాకు తెలుసు. కోపమైతే బాగుండేది.

అప్పటినుంచి వెళ్ళలేదు. ఇప్పుడు అల్లవరం రోడ్డులో రొయ్యల మేత అమ్మే కొట్టులో బిల్లులు రాస్తున్నాను. ఆఫీసున్న గదుల్లో ఎవరో టైలరింగు నేర్పుతున్నారు. మేడంగారు ఒకసారి బస్టాండులో కనబడ్డారు. ఇద్దరం ఎండ గురించి మాట్లాడుకున్నాం. బస్సు కదిలేముందు ఆవిడ కిటికీలోంచి, "ఏమైనా తెలిసిందాండీ?" అన్నారు. లేదన్నాను.

పైన పరిశీలనలో ఎవరైనా పట్టుకున్నారేమో. ఆ పుస్తకం అసలు హ్యాంగరుకి చేరిందో లేదో. పొద్దున్నే పేపరు వస్తే ముందు అలాంటి ప్రమాదం వార్త కోసమే వెతుకుతాను. మా ఆవిడ చూసి, "ఎందుకండీ రోజూ?" అంటుంది. విమానం కూలితే వార్త వస్తుంది. నేల మీద నిలబడి ఉన్న విమానం కింద ఒక మనిషి చెయ్యి పోతే ఏ పేపర్లోనూ రాదు. అన్నయ్యగారిది రాలేదు. ఆ సంగతి తెలిసి కూడా వెతుకుతాను.